నీటిలో మునిగి వచ్చిన పొగ

ధూమపానము ఊపిరితిత్తులకు చేయు కీడునుగూర్చి మనవారి మనస్సులలో చిరకాలముగా పాదుకొనియున్న చిత్రమొకటి కలదు. ఏండ్ల తరబడి చుట్టయో బీడీయో సిగరెట్టో కాల్చినవాడు అరువదియేండ్లు పైబడిన పిమ్మట మెట్లెక్కలేక ఆయాసపడును, రాత్రులు దగ్గుతో మేలుకొనును, దైవము ప్రతికూలించినచో క్యాన్సరు వాతబడును. ఈలోగా ఇరువది పాతికయేండ్ల పడుచువానికి వచ్చిన భయమేమియు లేదు, వాడు తలచినపుడు మానుకొనవచ్చును. ఈ చిత్రములోని పూర్వార్ధము సత్యమే. ఉత్తరార్ధము మాత్రము ప్రమాదకరమైన భ్రాంతి. పూర్ణారోగ్యవంతుడై, అంతకుముందు ఒక్కనాడైన ఆసుపత్రి గడప తొక్కని యువకుడు, పొగ త్రాగుట నేర్చిన రెండు మూడు వారములకే ఒకనాటి సాయంకాలము జ్వరముతో పడుకొని, మూడవనాటికి ప్రాణవాయువు చాలక శ్వాసయంత్రమునకు అధీనుడగుట వైద్యులు కన్నార చూచిన విషయము. అట్టి తీవ్రవ్యాధి యొకదానిని, దానికి హుక్కాతో గల సంబంధమును ఈ అధ్యాయమున విచారింపబూనితిని. ఏలయన నీటిగుండ పోయివచ్చిన పొగ నిర్దోషమను నమ్మకము, ఎన్ని శతాబ్దులు గడచినను, చదువుకొన్నవారిని సైతము విడిచిపోలేదు.

ఆ నమ్మకమునకు మన దేశమే పుట్టినిల్లని పలువురు చెప్పుదురు. 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో అక్బరు చక్రవర్తి పనుపున బీజాపురమునకు పోయిన అసద్ బేగ్ అను ఉద్యోగి, అచ్చట పొగాకును చూచి ముచ్చటపడి, రత్నములు తాపిన పొగగొట్టముతోగూడ దానిని తెచ్చి ఏలినవారికి కానుకగా సమర్పించెను. చక్రవర్తి రెండు మూడు మారులు పీల్చెననియు, ఆస్థానవైద్యుడు అడ్డుపడి, మన గ్రంథములలో పేరైన లేని ఈ క్రొత్తవస్తువును గుణదోషములు తెలియక సేవించుట తగదనెననియు అసద్ బేగే వ్రాసియుంచెను. పరీక్షకు ముందు పానము కూడదన్న ఆ వైద్యుని బుద్ధి నాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచును. కాని ఆనాడు దానిని ఆలకించినవారు లేరు. పొగను నీటిగుండ నడిపించినచో దాని దోషము హరించునని యూహించి హుక్కాను కల్పించినవాడు అక్బరు కొలువులోని మరియొక వైద్యుడగు హకీం అబుల్ ఫత్ గీలానీ యని ఒక కథ వ్యాప్తిలో నున్నది గాని, ఆయన 1589లోనే మరణించియుండుటచేత అసద్ బేగ్ వృత్తాంతముతో ఈ కథకు కాలము పొసగదు. కల్పించినవాడెవడైనను ఊహ మాత్రము నిలిచిపోయెను. 1617లో జహంగీరు పొగాకును నిషేధించుచు ఆజ్ఞ వెలువరించెను. ఆజ్ఞ మాసిపోయినది, హుక్కా మిగిలినది. బీదరు పనివాండ్రు నల్లని లోహముపై వెండి పొదిగి చేసిన హుక్కాపాత్రలు దక్కను ప్రభువుల మందిరములకు అలంకారములై, నేడు దేశదేశముల వస్తుప్రదర్శనశాలలలో వెలయుచున్నవి.

ఆ ఊహ ఎంతవరకు సత్యమో తెలియవలెనన్న సాధనముయొక్క నిర్మాణమును ఒకమారు పరికింపవలెను. పైన చిలుము, అందు పొగాకు, దానిపై, నేటి వాడుకలో, రంధ్రములు పొడిచిన అల్యూమినియపు రేకు, రేకుపై కణకణలాడు బొగ్గులు. చిలుమునుండి దిగిన నిలువుగొట్టము క్రిందిపాత్రలోని నీటిలో మునిగియుండును. నీటికి పైనున్న ఖాళీస్థలమునుండి మెత్తని పొడవుగొట్టము బయలుదేరి త్రాగువాని నోటికి చేరును. వాడు పీల్చగానే నీటిపైనున్న గాలియొత్తిడి తగ్గును. ఆ లోటును పూరించుటకై బయటిగాలి బొగ్గులమీదుగా పొగాకును దూరి, క్రిందికి దిగి, నీటిలో బుడగలై లేచును. బుడగ నీటిలో నుండు కాలము అత్యల్పము. పొగలోని కణములు మిల్లీమీటరులో వెయ్యవవంతుకన్న సూక్ష్మములు. అవి బుడగ నడిమి గాలిలో తేలియాడుచుండునే గాని, ఆ స్వల్పకాలములో బుడగ యంచునకు పోయి నీటిని తాకునవి బహుస్వల్పము. నీటిలో సులభముగా కరగు ఆవిరులు కొన్ని నీటిపాలగుట నిజము. నికోటినులో కొంతభాగము అందు చిక్కుటయు నిజము. కార్బన్ మోనాక్సైడ్ అట్లు కాదు. అది నీటిలో కరగుట అతిస్వల్పము గావున, ఎంత లోనికి పోయెనో దాదాపు అంతయు వెలికి వచ్చును.

నీరు నిజముగా చేయు పని వేరొకటి కలదు. అది పొగను చల్లార్చును, తేమ పట్టించును. సిగరెట్టు పొగ తన వేడిమిచేతను ఘాటుచేతను గొంతును గీరును. క్రొత్తవాడు దగ్గి, కన్నీరు నించుకొని, సగములో పారవైచును. శరీరమునకు ప్రకృతి యొసగిన ఈ కాపుదలను నీరు తొలగించివేయుచున్నది. చల్లనై, తడియై, 1990వ దశకమున ఈజిప్టు దేశమునుండి వ్యాపించిన మాస్సెల్ అను తేనెపాకపు పొగాకులోని పండ్ల పరిమళముతో గూడి, ఆ పొగ ఎట్టి ప్రతిఘటనయు లేక ఊపిరితిత్తుల అంచులవరకు దిగును. శుద్ధిచేయునని నమ్మిన నీరు, శుద్ధిచేయకపోగా, లోతునకు దారి చూపుచున్నదని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

ఇక పరిమాణము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు సలహాలిచ్చు నిపుణుల బృందము 2005లో ప్రకటించిన పత్రము ప్రకారము, ఒక సిగరెట్టు కాల్చువాడు 5 మొదలు 7 నిమిషములలో 8 నుండి 12 మారులు పీల్చి, మొత్తముమీద అర లీటరునకు కొంచె మెక్కువగా పొగను లోనికి తీసికొనును. హుక్కా ముందు కూర్చున్నవాడో, 20 మొదలు 80 నిమిషములవరకు గడపి, 50 నుండి 200 మారులు, మారు ఒక్కింటికి 0.15 నుండి 1 లీటరు చొప్పున పీల్చును. తరువాత అమెరికాలో ఐసెన్‌బర్గ్, షిహాదే అను శాస్త్రజ్ఞులు 31 మంది స్వచ్ఛందసేవకులచేత ఒకనాడు సిగరెట్టును, వేరొకనాడు హుక్కాను త్రాగించి కొలిచిరి. సిగరెట్టునకు సగటున 1 లీటరు, హుక్కాకు 48.6 లీటర్లు అని 2009లో ప్రకటించిరి. ఇచ్చట పాఠకుడు తొందరపడరాదు. పొగ నలువది యెనిమిది రెట్లైనంతమాత్రమున అందలి ప్రతి విషమును అన్నియే రెట్లగునని అర్థము కాదు. హుక్కాలో పొగాకు సిగరెట్టులోవలె మండక, అంతకన్న తక్కువ వేడిమిలో కాగును గనుక రెండు పొగల కూర్పును ఒక్కటి కాదు. ఆ ప్రయోగములోనే రక్తమునందలి నికోటిను ఉభయత్ర ఇంచుమించు సమానముగనే యుండెను. ఐనను ఊపిరితిత్తుల లోపలి పొరకు తగిలిన సూక్ష్మకణముల వర్షము ఏపాటిదో ఆ లీటర్ల లెక్క తెలుపుచున్నది. మనము ఇపుడు చెప్పుకొనబోవు వ్యాధికి ఆ పొరయే రంగస్థలము.

ఆ వ్యాధిని తీవ్ర ఇయోసినోఫిల్ న్యుమోనియా యందురు. మన రక్తములో పలు జాతుల తెల్లకణములు కలవు. వానిలో ఇయోసిన్ అను ఎర్రరంగును ఆత్రముగా పట్టుకొను జాతిని 1879లో పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వేరుపరచి చూపెను. పురుగులవంటి పరాన్నజీవులతో పోరుటయందును, పడనివస్తువులు తగిలినపుడు కలుగు ఉబ్బసమువంటి వికారములందును ఈ కణములకు ప్రాధాన్యము. తెలుగునాట ఇస్నోఫీలియా యను మాట వినని గృహము లేదన్నను చెల్లును. పిల్లవాడు రాత్రులు దగ్గినచో ఇరుగుపొరుగు మొదట ఉచ్చరించు పేరు అదియే.

ఈ విషయమున మన సీమకొక గౌరవస్థానము కలదని పెక్కుమంది ఎరుగరు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున వెలసిన క్షయచికిత్సాలయములో పనిచేయుచుండిన ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అను వైద్యులు, క్షయరోగులని తమకడకు వచ్చినవారిలో కొందరు నిజముగా క్షయరోగులు కారనియు, ఎక్స్‌రేలో మచ్చలు, దగ్గు, జ్వరము క్షయను పోలియున్నను వారి రక్తములో ఇయోసినోఫిల్ కణములు విపరీతముగా పెరిగియున్నవనియు గమనించి, 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్ పత్రికలో ఆ సంగతి ప్రకటించిరి. మూడేండ్లకు వైన్‌గార్టెన్ అను వైద్యుడు దానిని ఉష్ణమండల ఇయోసినోఫీలియా యని పేర్కొనెను. బోదకాలునకు మూలమగు ఫైలేరియా పురుగుల పిల్లలపై శరీరము చూపు అతిప్రతిక్రియయే దానికి కారణమని పిమ్మట తేలినది. మనము చెప్పుకొను పొగవ్యాధి దీనికి పూర్తిగా భిన్నము. అది వారములు, మాసములు నడచును, ఇది దినములలో ముంచును. అందు రక్తపరీక్షలోనే ఇయోసినోఫిల్ కణములు వేలకొలది కనబడును, ఇందు మొదటి దినములలో రక్తము తరచుగా మామూలుగనే యుండును. ఈ కడపటి భేదమును వైద్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఏలయన కణములన్నియు ఊపిరితిత్తులలో చేరియుండగా రక్తములో వెదకి, లేవని నిశ్చయించి, తప్పుదారి పట్టుట మిక్కిలి సులభము. మదనపల్లె వైద్యుల పరిశీలనలోని నీతి, అనగా ఒక ప్రసిద్ధవ్యాధిని పోలినంతమాత్రమున అది ఆ వ్యాధియే యని తలంపరాదన్నది, రెంటికిని సమానమే.

1989లో అమెరికాలో అలెన్ అను వైద్యుడును ఆయన సహచరులును ఈ వ్యాధిని ప్రత్యేకమైన దానినిగా వర్ణించిరి. రోగి జ్వరము, పొడిదగ్గు, ఊపిరి తీసినపుడు రొమ్ములో పోటు, నానాటికి హెచ్చు ఆయాసముతో వచ్చును. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులును తెల్లబడియుండును. ఎవరు చూచినను సూక్ష్మజీవులవలన వచ్చిన న్యుమోనియా యనియే తలతురు, యాంటీబయాటిక్ మందులు ప్రారంభింతురు, అవి పనిచేయవు, రోగి దిగజారును. శ్వాసనాళదర్శినిని లోనికి పంపి, ఉప్పునీటితో ఊపిరితిత్తిలో ఒక భాగమును కడిగి, ఆ కడుగునీటిని సూక్ష్మదర్శినిలో చూచినపుడు గుట్టు బయటపడును. ఆరోగ్యవంతుని కడుగునీటిలో నూటికి ఒక్కటియైన ఉండని ఇయోసినోఫిల్ కణములు ఈ రోగులలో నూటికి 25కి మించును. ఆ తరువాత జరుగునది ఆధునికవైద్యములో అరుదుగా కానవచ్చు అద్భుతము: స్టెరాయిడ్ మందు సిరలోనికి ఎక్కించిన ఒకటి రెండు దినములలో, నిన్నటివరకు ప్రాణాపాయములో నుండినవాడు లేచి కూర్చుండును, కొలది వారములలో ఎక్స్‌రే నిర్మలమగును. దక్షిణ కొరియా సైనిక వైద్యశాలలో నూటికి పైగా రోగులను పరిశీలించి, రెండు వారముల చికిత్సకును నాలుగు వారముల చికిత్సకును ఫలితములో భేదము లేదని వైద్యులు 2013లో చూపిరి. గుర్తించినచో ఇంత సులభముగా లొంగు వ్యాధి, గుర్తింపనిచో ప్రాణము తీయును. అందుచేతనే దీనినిగూర్చి ఇంత వివరముగా వ్రాయుచున్నాను.

పొగకును దీనికిని గల బంధము దృఢముగా వెల్లడియైనది యుద్ధభూమిలో. 2003 మార్చి మొదలు 2004 మార్చి వరకు ఇరాకులోను తత్పరిసరములందును పనిచేసిన 1,83,000 అమెరికను సైనికులలో 18 మందికి ఈ వ్యాధి సోకెను. వారి వయస్సుల మధ్యగతము ఇరువదిరెండేండ్లు. మూడింట రెండువంతులవారికి శ్వాసయంత్రము కావలసివచ్చెను; ఇరువురు మరణించిరి. విచారింపగా 18 మందియు పొగ త్రాగువారే. అందు 14 గురు ఇటీవలనే, ఆ ఎడారికి వచ్చిన పిమ్మటనే, మొదలిడినవారు. ఒక్కడు తప్ప తక్కినవారందరును సన్నని ఇసుకదుమ్మును బాగుగా పీల్చినవారు. జపానులోని వైద్యులును అంతకుముందే, పిమ్మటయు, ఇదే తీరును కనుగొనిరి: వ్యాధి వచ్చినవారు చిరకాలముగా నిలకడగా త్రాగువారు కారు, క్రొత్తగా నేర్చినవారు, హఠాత్తుగా మోతాదు పెంచినవారు, మాని కొంతకాలమునకు మరల మొదలిడినవారు. పొగకు అలవాటుపడిన ఊపిరితిత్తి వేరువిధముల నెమ్మదిగా చెడును. అలవాటులేని ఊపిరితిత్తి ఒక్కసారిగా తిరుగబడును.

ఈ మూడు లక్షణములను మనస్సున నుంచుకొని హుక్కా త్రాగు నేటి యువకుని తలచుకొందము. వాడు తరచుగా సిగరెట్టు ముట్టనివాడు. హుక్కాయే వాని మొదటి పొగ. వాడు ప్రతిదినము త్రాగడు. స్నేహితుని పుట్టినరోజుననో, పరీక్షలు ముగిసిన రాత్రియో, వారాంతముననో త్రాగి, మరల కొన్నాళ్లు ఊరకుండును. త్రాగిననాడు మాత్రము గంటసేపు కూర్చుండి, సిగరెట్టు త్రాగువాడు దినమెల్ల పీల్చినను అందుకొనజాలనంత పొగను ఒక్క బైఠకులో లోనికి గొనును. క్రొత్తదనము, ఆకస్మికమైన అధికమాత్ర, మధ్యమధ్య విరామము: వ్యాధికి అనుకూలమని జపానులోను ఇరాకులోను తేలిన పరిస్థితులన్నియు ఒక్కచోట కూడుచున్నవి. కావున హుక్కా మొదలిడిన కొలదిదినములకే ఈ న్యుమోనియా వచ్చిన యువకుల వృత్తాంతములు వైద్యపత్రికలకు ఎక్కుట నాకు ఆశ్చర్యము కలిగింపలేదు. అవి ఒంటి వృత్తాంతములే. వానినిబట్టి లక్షమందిలో ఎందరికి వచ్చునని గుణింపరాదు, వ్యాధి అరుదైనదే యనియు ఒప్పుకొనవలెను. కాని పొగ మొదలిడుటకును రోగము పైబడుటకును గల కాలసామీప్యము, సూక్ష్మజీవులేవియు దొరకకుండుట, కడుగునీటిలోని కణముల సాక్ష్యము, స్టెరాయిడ్లకు తక్షణమే లొంగుట, ఇవియన్నియు సిగరెట్టు విషయమున స్థిరపడిన చిత్రముతో సరిపోలుచున్నవి.

పొగ తగిలినపుడు లోపల ఏమి జరుగునో నేటి విజ్ఞానము కొంతవరకు విప్పిచెప్పగలదు. వాయుకోశములను పరచియున్న కణములు గాయపడినపుడు కొన్ని ప్రోటీనులను వెలువరించి ఆపద వచ్చినదని చాటును. వానిలో ఇంటర్‌ల్యూకిన్ 33 అనునది ఒకటి. ఆ చాటింపు విన్న రక్షకకణములు ఇంటర్‌ల్యూకిన్ 5 అను వేరొక ప్రోటీనును ఉత్పత్తిచేయును. ఎముకమజ్జలో ఇయోసినోఫిల్ కణములు పెరిగి, రక్తమార్గమున ఊపిరితిత్తులకు తరలివచ్చుటకు అదియే పిలుపు. పురుగులను చంపుటకై ఆ కణములు తమలో దాచుకొన్న క్షారప్రోటీనులు, చంపదగిన పురుగు లేనిచోట, వాయుకోశముల గోడలనే కాల్చును. గోడలు వాచి, లోపల ద్రవము ఊరి, ప్రాణవాయువు రక్తమును చేరు మార్గము మూసికొనిపోవును. సిగరెట్టు పొగ ఒక్కటియే ఈ పని చేయునని తలంపరాదు. 2001 సెప్టెంబరులో న్యూయార్కున కూలిన జంటగోపురముల దుమ్ములో పనిచేసిన అగ్నిమాపకదళ సభ్యునికొకనికి ఇదే వ్యాధి వచ్చిన వృత్తాంతమును వైద్యులు ప్రకటించిరి. ఒక్కసారిగా మీదపడిన సూక్ష్మకణముల ధారయే ఇందలి ప్రధానాంశమని దీనివలన ఊహింపవచ్చును.

హుక్కావలన కలుగు తీవ్రాపద ఇదియొక్కటియే కాదు. బొగ్గుసంగతి చెప్పనిచో విషయము కుంటుపడును. సిగరెట్టు తన్నుతాను కాల్చుకొనును. హుక్కాలో పొగాకును కాచుటకు వేరుగా బొగ్గు మండుచుండును, ఆ బొగ్గుపొగయు త్రాగువాని రొమ్ములోనికే పోవును. బీరూటులోని అమెరికన్ విశ్వవిద్యాలయమున షిహాదే బృందము, బొగ్గు బదులు విద్యుత్తుతో పొగాకును కాచి పోల్చిచూచి, హుక్కాపొగలోని కార్బన్ మోనాక్సైడులో నూటికి 90 వంతుల వరకు బొగ్గునుండి వచ్చునదే యని 2008లో నిర్ధారించెను. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిదురించినవారు తెల్లవారి లేవకపోవుటకు కారణమైన వాయువు ఇదియే. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకన్న దీనిని రెండువందల రెట్లకు మించిన మక్కువతో పట్టుకొనును. హాల్డేన్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్ది చివర, గనులలో కూలీలు చచ్చుట చూచి సహింపలేక, ఈ వాయువును తానే పీల్చి, తన రక్తమును తానే పరీక్షించుకొని ఈ విషయములను లోకమునకు తెలిపెను. ఇజ్రాయేలులో 45 మంది స్వచ్ఛందసేవకులు అరగంటసేపు హుక్కా త్రాగినపుడు వారి రక్తములో ఈ విషము పట్టిన హీమోగ్లోబిన్ నూటికి 1.47 నుండి 9.47కు పెరిగెనని 2011లో ప్రకటింపబడెను. గాలియాడని గదులలో ఇంతకు మించిన పరిమాణములతో, తలనొప్పి, వాంతి, తలతిరుగుడు పొడసూపి, కొందరు మూర్ఛిల్లి ఆసుపత్రులకు చేరుదురు. తాజాగాలిలో ఈ వాయువు సగము వదలుటకే నాలుగైదు గంటలు పట్టును. నిండు ఆక్సిజనును ముఖకవచముతో ఇచ్చినచో గంట గంటన్నరలో సగము పోవును.

కోవిడ్ సంవత్సరములలో మన యిండ్లకు వచ్చిచేరిన వ్రేలి ఆక్సీమీటరునుగూర్చి ఇచ్చట హెచ్చరింపవలసియున్నది. ఆ పరికరము రక్తపు రంగును చూచి లెక్కచెప్పునది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ ప్రాణవాయువు పట్టినదానివలెనే ఎర్రగా నుండుటచేత, విషము నిండినవాని వ్రేలిమీదను అది 98 అని చూపగలదు. హుక్కాశాలనుండి వచ్చి తలపోటుతో పడిపోయిన పిల్లవానికి వ్రేలి పరికరము బాగుగ నున్నదని చెప్పినదని ఇంట నుంచుకొనుట ప్రాణాంతకము. ఆసుపత్రిలో రక్తమును తీసి ప్రత్యేకముగా కొలువవలసినదే.

పొగాకు లేని మూలికల హుక్కా యని అమ్ముచున్నదియు ఈ చర్చలోనిదే. పొగాకు లేనందున నికోటిను లేకపోవచ్చును. కాని బొగ్గు ఉన్నది, తేనెపాకము కాగి వెలువరించు ఆల్డిహైడులు ఉన్నవి, పొగకణములు ఉన్నవి. 2012లో షిహాదే బృందమే పోల్చిచూడగా ఈ మూలికలపొగలో నికోటిను దక్క తక్కిన విషములు పొగాకు హుక్కాలోనంత గాని, అంతకు మించి గాని యుండెను. ఒకే గొట్టము నోటినుండి నోటికి మారుటవలన వచ్చు అంటువ్యాధుల భయము సరేసరి. ఆస్ట్రేలియాలో నీటిగొట్టముతో గంజాయి పంచుకొన్న యువకులలో క్షయ వ్యాపించిన ఉదంతము 2003లో గ్రంథస్థమైనది. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో, కేంద్రచట్టమునకు సవరణ చేయుచు, హుక్కాశాలలను రాష్ట్రమంతట నిషేధించు బిల్లును ఆమోదించెను. హైదరాబాదు నగరమున వీధివీధిని వెలసిన హుక్కా పార్లర్లనుద్దేశించిన ఈ పని సర్వవిధముల మెచ్చదగినది. ఐనను, హుక్కా సాధనమును బొగ్గును ఇంటికి తెచ్చుకొని మేడమీద త్రాగువానిని శాలల నిషేధ మొక్కటియే ఆపజాలదు. వాడు రోగియై వచ్చునది వైద్యుని ముంగిటికే.

అచ్చట ఒక ప్రశ్న సరిగా అడుగబడుటపై చాల ఆధారపడియుండును. జ్వరముతో, ఆయాసముతో వచ్చిన ఇరువదియేండ్లవానిని, సిగరెట్టు త్రాగుదువా యని వైద్యుడు అడుగును, వాడు లేదనును. అది అబద్ధమును కాదు. హుక్కాను ధూమపానముగా వాడెన్నడును తలంపలేదు. ఆ పరిమళమును, ఆ నీటిని చూచి అది వేరొక వినోదమనియే నమ్మినాడు. వైద్యుడు పత్రములో ధూమపానము లేదని వ్రాసికొనును. ఆ ఒక్క పంక్తితో తీవ్ర ఇయోసినోఫిల్ న్యుమోనియా వైద్యుని ఆలోచనలోనుండి తొలగిపోవును. యాంటీబయాటిక్ మందులు మార్చిమార్చి మూడుదినములు గడచిపోవును. కావున ప్రశ్నను విప్పి అడుగవలెను: గడచిన నెలదినములలో ఏ రూపముననైన, ఏ గొట్టముతోనైన పొగ పీల్చితివా, ఎన్నడు మొదలిడితివి, ఇటీవల హెచ్చుచేసితివా, మాని మరల అందుకొంటివా. వ్యాధి నయమై పోయినవానికిని ఈ ప్రశ్నలు వర్తించును. ఏలయన కోలుకొన్న పిమ్మట కొంత విరామమిచ్చి మరల మొదలిడినవారిలో వ్యాధి తిరుగబెట్టిన ఉదాహరణములు కలవు. ఇంకొక్క సంగతి. మన కుటుంబములలో కొడుకు ఆసుపత్రి మంచముపై నున్నపుడు తలిదండ్రులు తలాపున నిలిచియుందురు. వారి యెదుట ఈ ప్రశ్నలకు నిజము చెప్పు కొడుకు అరుదు. వైద్యుడు వారిని కొంతసేపు వెలుపల కూర్చుండుమని మర్యాదగా చెప్పి, రోగితో ఒంటరిగా మాటాడవలెను. అట్లు చేసినచో శ్వాసనాళదర్శిని పరీక్ష మూడవనాటికి గాక మొదటినాడే జరుగును, శ్వాసయంత్రము అవసరము కాకమునుపే స్టెరాయిడ్ సిరలోనికి చేరును.